తాగిన రోజులే కాదు, మానిన రోజులూ అడగండి: మత్తు అలవాటున్న మనిషిని అంచనా వేసే తీరు

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో కౌన్సెలింగ్‌లోకి కొత్తగా వచ్చినవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఎంఎస్‌డబ్ల్యూనో సైకాలజీనో చదివి డీ-అడిక్షన్ సెంటర్లో చేరి ఉంటారు, లేదా కాలేజీలో కౌన్సెలర్‌గా ఉంటారు. మీ దగ్గరికి వచ్చే మనిషి మామూలుగా తనంతట తాను రాడు. భార్య తీసుకొస్తుంది, బావమరిది బండెక్కించుకొని వస్తాడు, రొయ్యల చెరువు యజమాని పంపిస్తాడు. తెచ్చినవాళ్లు సరిగా కూర్చోకముందే "ఎట్టయినా మాన్పించండి సార్" అంటారు. ఆ మాట విని మీరు సలహాలు మొదలుపెడితే ఇక అంచనా జరగదు, ఉపన్యాసం జరుగుతుంది. అలాంటి ఉపన్యాసాలు ఆయన ఇంట్లో చాలానే విని ఉంటాడు.

మొదటి ఒకటి రెండు సిట్టింగుల్లో మీరు తేల్చుకోవాల్సినవి కొన్నే. ఈ రోజు ప్రాణానికి ముప్పు ఉందా? ఏమేం వాడుతున్నాడు, ఎంత వాడుతున్నాడు? ఆపితే ఒంటికి ఏమవుతుంది? అలవాటుతోపాటు ఇంకేం బాధ ఉంది? తనకు ఏం కావాలి? జబ్బు పేరు ఖాయం చేసేది, మందులు రాసేది సైకియాట్రిస్టు. ఆయనకు సరైన సమాచారం అందించేది మీరు.

ముందు ఒంటిని చూడండి

మొదటి ప్రశ్న "ఎందుకు తాగుతున్నారు" అని కాదు. "ఆఖరిసారి ఎప్పుడు తాగారు?" అని అడగండి. గంటతో సహా అడగండి. మిగతా అంచనా ఈ రోజే చేయాలా, ముందు ఆసుపత్రికి పంపాలా అన్నది ఈ జవాబు మీదే ఆధారపడుతుంది.

రోజూ గట్టిగా తాగే మనిషి ఉన్నట్టుండి ఆపేస్తే 6 నుంచి 24 గంటల్లో చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, వికారం, గుండెదడ, నిద్ర లేకపోవడం మొదలవుతాయి. ఫిట్స్ వస్తే ఎక్కువగా మొదటి రెండు రోజుల్లోనే వస్తాయి. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరికి మతి తప్పుతుంది. ఎక్కడ ఉన్నదీ తెలియదు, లేని పురుగులు గోడ మీద కనిపిస్తాయి, జ్వరం వస్తుంది, బీపీ పెరుగుతుంది. దీన్ని డాక్టర్లు డెలిరియం ట్రెమెన్స్ అంటారు. వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. ఇంట్లోవాళ్లు మాత్రం "రెండు రోజులు గదిలో పెట్టి తాళం వేస్తే దారికొస్తాడు" అనుకుంటారు. అది ఎంత ప్రమాదమో మొదటి రోజే చెప్పాల్సిన బాధ్యత మీది.

అందుకే చేతులు ముందుకు చాపమనండి, వేళ్లు విడదీయమనండి. వణుకు కనిపిస్తుంది. ఈ రోజు ఏ వారం, ఇక్కడికి ఎలా వచ్చారు అని మాటల్లో పెట్టి అడగండి. గతంలో ఆపినప్పుడు ఫిట్స్ వచ్చాయా అని ఆయన్నీ అడగండి, ఇంట్లోవాళ్లనీ అడగండి. వచ్చి ఉంటే ఈసారీ వచ్చే అవకాశం ఎక్కువ. మతి తడబడుతున్నా, ఫిట్స్ వచ్చినా, రక్తం కక్కినా, కళ్లు పచ్చబడి పొట్ట ఉబ్బినా, ఈమధ్య తలకు దెబ్బ తగిలి మత్తుగా ఉన్నా మీ ఫారాలు పక్కన పెట్టండి. నెల్లూరు పెద్దాసుపత్రో, ఒంగోలు రిమ్సో, ఏది దగ్గరైతే అక్కడికి పంపండి. నడవలేని స్థితిలో ఉంటే 108 పిలవండి.

ఇంకో సంగతి ఉంది. తిండి మానేసి వారం రోజులు తాగినవాడు నీరసంగా ఉన్నాడని ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి తీసుకెళ్లి గ్లూకోజ్ ఎక్కిస్తారు. ఒంట్లో బి1 విటమిన్ బాగా తగ్గిపోయిన మనిషికి బి1 ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. నడక తూలడం, కళ్లు నిలకడగా లేకపోవడం, అయోమయం అనేవి దాని గుర్తులు. చూసేవాళ్లు ఇంకా మత్తు దిగలేదనుకుంటారు. తాగి చాలాసేపయినా ఇలాగే ఉంటే ఆలస్యం చేయకూడదు. కాబట్టి "ఈ వారంలో సెలైన్ ఏమైనా పెట్టించుకున్నారా?" అని అడగండి.

తాగి వచ్చినవాడితో అంచనా కుదరదు. మర్యాదగా కూర్చోబెట్టండి, ఇంకో రోజు రమ్మనండి, బండి తాళాలు వెంట వచ్చినవాళ్ల చేతికి ఇప్పించండి.

తాగకూడనివి కూడా అడగండి

2020 జులై చివర్లో ప్రకాశం జిల్లా కురిచేడులో మద్యం దొరక్క శానిటైజర్ తాగి పది మందికి పైగా చనిపోయారు. ఆ సంగతి తెలియనివాళ్లు ఈ ప్రాంతంలో తక్కువ. "మందు దొరకని రోజు ఏం చేస్తారు?" అని అడిగేటప్పుడు దాన్ని మనసులో పెట్టుకోండి. శానిటైజర్, స్పిరిట్, నాటుసారా, దగ్గు మందు, నిద్ర మాత్రలు అని ఒక్కొక్కటీ పేరు పెట్టి అడగాలి. ఊరికే "ఇంకేమైనా?" అంటే "ఇంకేం లేదు" అనే జవాబే వస్తుంది. ఇలాంటిది తాగిన కొన్ని గంటలకు చూపు మసకబారినా, కడుపులో విపరీతమైన నొప్పి వచ్చినా అది మిథనాల్ విషం కావచ్చు. మర్నాడు చూద్దామనుకోకూడదు.

తెలంగాణ వైపు పనికి వెళ్లొచ్చినవాళ్లను అక్కడ కల్లు తాగేవారా అని అడగండి. ఆల్ప్రజోలం, డయజిపామ్ కలిపిన కల్తీ కల్లుకు అలవాటు పడ్డవాళ్లకు ఊరికి రాగానే వణుకు, ఫిట్స్ రావచ్చు. "కల్లే కదా" అని వాళ్లూ చెప్పరు, మనమూ వదిలేస్తాం.

గదిలో ఎవరుండాలి

వచ్చిన అందరినీ కూర్చోబెట్టి రెండు నిమిషాలు మాట్లాడండి. తర్వాత ఆయనతో ఒంటరిగా, ఆపైన భార్యతోనో అమ్మతోనో విడిగా మాట్లాడండి. ఆయన ముందు కూర్చొని భార్య నిజం చెప్పలేదు. ఆమె ముందు ఆయనా చెప్పలేడు.

ఒంటరిగా కూర్చున్నప్పుడు గోప్యత సంగతి ముందే చెప్పండి. మెంటల్ హెల్త్‌కేర్ చట్టం, 2017 ప్రకారం మానసిక అనారోగ్యం అన్న మాటలోకి మద్యం, మత్తు పదార్థాల దుర్వినియోగంతో వచ్చే స్థితులూ వస్తాయి. చికిత్స వివరాలు గోప్యంగా ఉండే హక్కు వీళ్లకూ ఉంది. దానికి హద్దులూ ఉన్నాయి. తన ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ముప్పు ఉందనిపిస్తే మీరు దాచలేరు. ఆ ముక్క కూడా మొదట్లోనే చెప్పాలి. మధ్యలో చెబితే మోసం చేశారనుకుంటాడు.

గంజాయి వాడే కుర్రాళ్లకు పోలీసు భయం ఉంటుంది. ఏజెన్సీ నుంచి చెన్నై వైపు పోయే సరుకు మన హైవే మీదుగానే వెళ్తుంది. నెల్లూరు, కావలి, ఒంగోలులో పట్టుబడ్డ వార్తలు వాళ్లూ చదువుతుంటారు. వాడకానికి సంబంధించిన కేసుల్లో, లేదా కొద్ది పరిమాణంలో దొరికిన కేసుల్లో, తనంతట తాను చికిత్సకు వచ్చినవాళ్లకు 1985 నాటి మత్తు పదార్థాల నియంత్రణ చట్టం (ఎన్‌డీపీఎస్)లోని 64ఎ సెక్షన్ కొంత రక్షణ ఇస్తుంది. అంతవరకు చెప్పి, ఇప్పటికే కేసు ఉంటే లాయరును కలవమనండి. "మీకేం కాదు" అని మీరు హామీ ఇవ్వకండి. ఎక్కడ కొన్నావు, ఎవరిచ్చారు అని కూడా అడగకండి. అది మీకు అక్కర్లేదు, పైగా మిమ్మల్ని పోలీసు మనిషి అనుకుంటాడు.

పిలుపు విషయంలో ఒక మాట. పెద్దవాళ్లను "పెద్దాయనా" అన్నా, నడివయసువాళ్లను "అన్నా" అన్నా ఇక్కడ సహజంగానే ఉంటుంది. ఏకవచనం మాత్రం వద్దు. తాగేవాణ్ని ఊళ్లో అందరూ "రా", "పో" అనే అంటారు. మీరు "రండి" అంటే అది ఆయన చెవికి వెంటనే తెలుస్తుంది.

ఎంత అన్నది ఆయన కొలతల్లోనే అడగండి

"రోజుకు ఎన్ని యూనిట్లు?" అని అడిగితే ఎవరికీ అర్థం కాదు. ఇక్కడి లెక్క నైంటీ, క్వార్టర్, హాఫ్, ఫుల్. ఆ మాటల్లోనే అడిగి మీరు తర్వాత మార్చుకోండి. మన దేశంలో విస్కీ, బ్రాందీ లాంటివి సాధారణంగా 42.8 శాతం ఆల్కహాల్‌తో వస్తాయి. 30 మిల్లీలీటర్లలో సుమారు 10 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. దాన్ని ఒక డ్రింకు అనుకుంటే నైంటీకి 3, 180 మిల్లీలీటర్ల క్వార్టర్‌కు 6 డ్రింకులు. 650 మిల్లీలీటర్ల బీరు సీసా 5 శాతానిదైతే రెండున్నర, 8 శాతం స్ట్రాంగ్ బీరైతే దాదాపు 4. "నేను మందు తాగను సార్, బీర్లే" అనే మనిషి రోజుకు మూడు స్ట్రాంగ్ బీర్లు తాగుతుంటే అది రెండు క్వార్టర్లతో సమానం. ఈ లెక్క అక్కడే కాగితం మీద వేసి చూపించండి. చాలామంది తమ లెక్క చూసి తామే నిదానిస్తారు. మీరు కామెంట్ చేయాల్సిన పని ఉండదు.

డబ్బు వైపు నుంచి కూడా రావచ్చు. 2024 అక్టోబరులో కొత్త మద్యం విధానంతో 99 రూపాయల క్వార్టర్ వచ్చింది. రోజుకు రెండంటే నెలకు దాదాపు 6 వేలు. బెల్టు షాపులో అయితే ఇంకా ఎక్కువ. ఆయన చెప్పిన పరిమాణానికీ చెప్పిన ఖర్చుకూ పొంతన లేకపోతే అబద్ధమని వెంటనే అనకండి. ఎవరో పోయిస్తూ ఉండొచ్చు, కూలిలో భాగంగా ఇస్తూ ఉండొచ్చు, అప్పు ఖాతా ఉండొచ్చు. ఈ మూడూ అంచనాకు పనికొచ్చే సంగతులే.

రోజు లెక్క తర్వాత ఏడాది లెక్క అడగండి. పని ఉన్న కాలానికీ లేని కాలానికీ ఇక్కడ తాగుడు మారుతుంది. పొగాకు వేలం డబ్బు చేతికొచ్చే నెలలు, రొయ్యల పట్టుబడి అయిన వారం, సముద్రంలో చేపల వేట నిషేధం ఉండే ఏప్రిల్ మధ్య నుంచి జూన్ మధ్య వరకు ఖాళీగా కూర్చునే రోజులు, చీమకుర్తి క్వారీల్లో వారం బట్వాడా సాయంత్రాలు. "నిన్న ఎంత తాగారు" అని ఒక్కటే అడిగితే వేలానికి ముందు వచ్చిన రైతు చాలా బాగున్నట్టు కనిపిస్తాడు. లారీ డ్రైవర్లకు ట్రిప్పుల లెక్కలో అడగండి. బండి నడిపేటప్పుడు ఏం వాడతారో, దిగాక ఏం తాగుతారో వేరువేరుగా రాసుకోండి.

మానిన రోజుల చరిత్ర

నా దృష్టిలో అంచనా మొత్తంలో ఎక్కువ విషయం బయటపెట్టేది ఇదే. ఎందుకనో ఫారాల్లో దీనికి ఒక్క గడే ఉంటుంది. ఎప్పుడు మొదలుపెట్టారు, ఎప్పుడు పెరిగింది అన్నది అందరూ అడుగుతారు. ఎప్పుడు ఆపారు, అప్పుడు ఒళ్లు ఎలా ఉంది, మళ్లీ మొదటి చుక్క ఎక్కడ పడింది అన్నది అడిగేవాళ్లు తక్కువ.

అయ్యప్ప మాల గురించి అడగండి. ఏడాదంతా తాగే మనిషి మాల వేసుకున్న 41 రోజులు ముట్టుకోడు. ఇంట్లోవాళ్లు దీన్నే చూపించి "అప్పుడు మానగలిగినోడు ఇప్పుడెందుకు మానలేడు, కావాలనే" అంటారు. మీరు దాన్ని ఆయన బలంగా చూడండి. మాల వేసుకున్న మొదటి మూడు నాలుగు రోజులు ఎలా గడిచాయి? వణుకు వచ్చిందా, నిద్ర పట్టిందా? ముందే తగ్గించుకుంటూ వచ్చారా, ఒక్కసారిగా ఆపారా? సాయంత్రం ఏడు గంటలప్పుడు ఏం చేసేవారు? భజనా, అన్నదానమా, పక్కనున్న స్వాములా? ఏది పట్టి నిలబెట్టింది? కొండ దిగి మాల తీసిన రోజు ఏం జరిగింది? అదే రాత్రి తాగారా, పది రోజులు ఆగారా, ఎవరితో తాగారు? ఈ ఒక్క సంభాషణలో ఆయన ఒంటి ప్రమాదం, ఆయనకు పనికొచ్చే ఆసరా, మళ్లీ జారే చోటు మూడూ తెలుస్తాయి. మాల వేయనివాళ్లకు రంజాన్ ఉపవాసాలు, చర్చి ఉపవాస దినాలు, కసుమూరు దర్గాలోనో మాలకొండలోనో పెట్టిన ఒట్లు ఉంటాయి. మతం గురించి మీ అభిప్రాయం ఇక్కడ అక్కర్లేదు.

ఎవరూ ఎంచుకోకుండా వచ్చిపడ్డ విరామాలూ ఉన్నాయి. 2020 లాక్‌డౌన్‌లో మార్చి చివరి నుంచి మే 4 దాకా దుకాణాలు మూతపడ్డాయి. "ఆ నలభై రోజులు ఎలా గడిచాయి?" అని అడగండి. హాయిగా గడిపినవాళ్లున్నారు, ఫిట్స్‌తో ఆసుపత్రి పాలైనవాళ్లున్నారు, పది రెట్లు డబ్బిచ్చి కొన్నవాళ్లూ ఉన్నారు. యాభై దాటినవాళ్లనైతే 1995 నుంచి 1997 దాకా నడిచిన మద్యనిషేధం రోజులు అడగండి. నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమంతో 1993లో సారా, ఆ తర్వాత 1995 జనవరిలో మొత్తం మద్యం నిషేధమయ్యాయి. అప్పట్లో మానేసి మళ్లీ మొదలెట్టినవాడి కథ వేరు, ఆ రెండేళ్లూ నాటుసారాతో నెట్టుకొచ్చినవాడి కథ వేరు. పెద్దాయనలు ఆ రోజుల గురించి ఇష్టంగా మాట్లాడతారు. బిగుసుకు కూర్చున్న మనిషి కూడా ఇక్కడ వదులవుతాడు.

చికిత్స చరిత్ర కూడా ఇందులోనే అడగండి. పసరు మందు తాగించారా, ఏదైనా సెంటర్లో బలవంతంగా చేర్పించారా, అక్కడ కొట్టారా? ఇంట్లో తెలియకుండా కూరలో, కాఫీలో మాత్ర కలిపి పెట్టారా? ఈ చివరి ప్రశ్న భార్యను విడిగా అడగండి. తాగుడు మాన్పించడానికి డాక్టర్లు ఇచ్చే డైసల్ఫిరామ్ మాత్రను మనిషికి చెప్పకుండా పెడితే, దాని మీద తాగినప్పుడు బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. ఆమె ప్రేమతోనే చేసి ఉంటుంది. తిట్టకండి, ఆపమని చెప్పండి, డాక్టరుకు తెలియజేయండి.

తీవ్రత ఎంత అని తేల్చడం

మానసిక జబ్బుల నిర్ధారణకు డాక్టర్లు వాడే డీఎస్ఎం-5 పుస్తకంలో గత 12 నెలలకు వర్తించే 11 లక్షణాలున్నాయి. రెండు మూడు ఉంటే స్వల్పం, నాలుగైదు ఉంటే మధ్యస్థం, ఆరు లేదా అంతకు మించి ఉంటే తీవ్రం. వాటిని జాబితాలా చదివి వినిపించకండి. మాటల్లోకి మార్చండి. ఒక నైంటీ అనుకొని కూర్చుంటే హాఫ్ అయిపోతుందా? తగ్గిద్దామని చూసి కుదరలేదా? తాగడానికి, తేరుకోవడానికి రోజులో ఎంతసేపు పోతోంది? పనిలో ఉన్నా మనసు దాని మీదికే లాగుతోందా? నాట్లకో, వలకో, డ్యూటీకో ఎగ్గొట్టాల్సి వచ్చిందా? ఇంట్లో గొడవలవుతున్నా ఆగలేకపోతున్నారా? ఇంతకుముందు వెళ్లే పెళ్లిళ్లు, తిరునాళ్లు, క్రికెట్ మానేశారా? తాగి బండి నడపడం, చెరువు గట్టున మోటార్లు పట్టుకోవడం జరుగుతోందా? డాక్టరు లివర్ గురించి చెప్పాక కూడా తాగుతున్నారా? మునుపటి క్వార్టర్ ఇప్పుడు ఎక్కడం లేదా? పొద్దున్నే వణుకు తగ్గడానికి ఒక గుటక వేయాల్సి వస్తోందా? లెక్క చూస్తే పదకొండూ వచ్చాయి.

డాక్టరు రాసిచ్చిన మందును చెప్పినట్టే వాడుతున్నవాళ్లకు చివరి రెండూ, అంటే తట్టుకునే శక్తి పెరగడం, ఆపితే ఇబ్బంది రావడం, లెక్కలోకి తీసుకోకూడదు.

ప్రశ్నపత్రాలు తర్వాత పెట్టండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన ఆడిట్‌లో 10 ప్రశ్నలు, 40 మార్కులు. 8 గానీ అంతకు మించి గానీ వస్తే జాగ్రత్తపడాలి, 20 గానీ అంతకు మించి గానీ వస్తే ఆధారపడే స్థాయి ఉందేమో చూడాలి. మద్యంతోపాటు గంజాయి, మాత్రలు, పొగాకు కలిసి ఉంటే అదే సంస్థ రూపొందించిన అసిస్ట్ మేలు. చదువు రానివారికి మీరే చదివి వినిపించండి, తొందరపెట్టకండి. మార్కు ఎంత వచ్చిందన్నదాని కంటే ఏ ప్రశ్న దగ్గర ఆయన తల దించుకున్నాడన్నదే నాకు ఎక్కువ పనికొచ్చింది.

మూత్ర పరీక్ష కావాలని కాలేజీలవాళ్లు పట్టుబడతారు. రోజూ గంజాయి తాగేవాడికి మానేసిన కొన్ని వారాల తర్వాత కూడా పాజిటివ్ రావచ్చు. మద్యం కొన్ని గంటల్లో పోతుంది. పరీక్ష వాడకాన్ని చూపిస్తుంది, వ్యసనాన్ని చూపించదు.

అలవాటు వెనక ఇంకేముంది

పాత ప్రకాశం జిల్లా పడమటి భాగంలో, ముఖ్యంగా కనిగిరి వైపు, నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. నడుము, మోకాళ్లు పట్టేసిన మనిషి సాయంత్రం క్వార్టర్ వేస్తేనే పడుకోగలుగుతాడు, లేదా నొప్పి మాత్రల మీద బతుకుతాడు. ట్రామడాల్, టాపెంటడాల్ లాంటివి ఏ మెడికల్ షాపులో ఎన్ని తీసుకుంటున్నాడో షీటుతో సహా తెమ్మనండి. ఇవి ఆపితే ఆవులింతలు, ముక్కు కారడం, ఒళ్లు నొప్పులు, విరేచనాలు వస్తాయి. కొన్నాళ్లు ఆపి మళ్లీ పాత మోతాదు వేసుకుంటే ఒళ్లు తట్టుకోలేక ఊపిరి ఆగిపోయే ప్రమాదం ఉంది. ఇది సెంటర్ నుంచి బయటికొచ్చేవాళ్లకు తప్పకుండా చెప్పాల్సిన సంగతి. నొప్పికి దారి చూపించకుండా మందు మానమంటే ఆ మాట ఆయనకు చేరదు.

పచ్చాకు కోసే కాలంలో వచ్చే పొగాకు కూలీల విషయంలో ఒక తికమక ఉంది. తడి ఆకుల నుంచి నికోటిన్ చర్మం ద్వారా ఒంట్లోకి వెళ్లి వాంతులు, తలనొప్పి, కళ్లు తిరగడం, నీరసం వస్తాయి. చూడ్డానికి హ్యాంగోవర్ లాగానో, మందు ఆపినప్పటి బాధ లాగానో ఉంటుంది. ఆ ఉదయం తోటలో ఉన్నారా అని అడిగితే చాలావరకు తెలిసిపోతుంది.

గంజాయి తాగే కుర్రాళ్లను అనుమానాలు, ఎవరో తన గురించి మాట్లాడుకుంటున్నట్టు వినిపించడం, రాత్రుళ్లు నిద్ర లేకుండా తిరగడం గురించి అడగండి. ఇవి తాగినప్పుడే వస్తున్నాయా, తాగని వారాల్లో కూడా ఉన్నాయా అన్నది సైకియాట్రిస్టుకు చాలా అవసరం. స్కూలు పిల్లల్లో వైట్‌నర్, పంక్చర్ సొల్యూషన్ పీల్చడం కూడా అడగాలి. ఆన్‌లైన్ రమ్మీ, క్రికెట్ బెట్టింగ్ గురించి పెద్దాచిన్నా అందర్నీ అడగండి. అప్పు మొత్తం తాగుడు వల్లే అయిందని ఇంట్లోవాళ్లు అనుకుంటారు, సగం ఫోన్‌లో పోయి ఉంటుంది. ఆడవాళ్లు వచ్చినప్పుడు నిద్రమాత్రలు, కల్లు, ఖైనీ గురించి అడగడానికి మొహమాటపడకండి. ఎవరూ అడగరు కాబట్టే వాళ్లు చెప్పరు. టీబీ మందులు, షుగర్ మాత్రలు ఎవరు వాడుతున్నా రాసుకోండి.

ఇక చావు ఆలోచన. దీన్ని డొంకతిరుగుడుగా అడగకండి. "బతకడం ఎందుకు అనిపించిందా? చచ్చిపోదామని ఏమైనా చేశారా, చేయాలనుకున్నారా?" అని సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. తాగిన మత్తులో మనిషికి తెగింపు ఎక్కువ, మన ఇళ్లలో పురుగుమందు డబ్బా చేతికందే దూరంలో ఉంటుంది. ఆ డబ్బా ఎక్కడుందో అడగండి, ఈ సాయంత్రమే ఇంట్లోంచి తీసి బంధువుల ఇంట్లో పెట్టించండి. ముప్పు ఉందనిపిస్తే ఒంటరిగా పంపకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి మీ గదిలో నుంచే ఫోన్ చేయించండి. మత్తు పదార్థాల విషయంలో సలహాకు 14446 ఉంది. ఈ రెండు నెంబర్లూ కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఇవ్వండి.

భార్యతో విడిగా

ఆమె సాక్షిగా రాలేదు, తన బాధతో వచ్చింది. మొదట ఆమె ఎలా ఉందో అడగండి. కొడుతున్నాడా, పిల్లల మీద చెయ్యి చేసుకుంటున్నాడా, రాత్రి ఎక్కడ పడుకుంటున్నారు, తిండికి లోటుందా? కొట్టడం ఉంటే మహిళా హెల్ప్‌లైన్ 181 నెంబరు, గృహహింస చట్టం సంగతి చెప్పండి. ఆ ఇంటి రక్షణ ఆయన చికిత్స పూర్తయ్యేదాకా ఆగేది కాదు. ఆమె చెప్పిన మాటలు ఆయన ముందు "మీ ఆవిడ చెప్పింది" అంటూ బయటపెట్టకండి. ఆ రాత్రి దెబ్బలు ఆమెకే పడతాయి.

ఆమెను కాపలా మనిషిగా కూడా మార్చకండి. సీసాలు వెతకడం, నోరు వాసన చూడడం ఆమె పని కాదు. తాగనప్పుడు ఆయన ఎలాంటి మనిషి అని అడగండి. "తాగకపోతే బంగారం సార్" అనే మాట తరచూ వస్తుంది. అక్కడితో ఆగకుండా, ఆఖరిగా అలా ఉన్నది ఎప్పుడని అడగండి. మానిన రోజుల గురించి ఆయన చెప్పినదాన్ని ఆమె చెప్పేదానితో పోల్చుకోవడానికి ఇదే సందు.

ఆయనకు ఏం కావాలి

మందు ఆయనకు ఏం ఇస్తోందో ముందు అడగండి. నిద్ర, నొప్పి తగ్గడం, నలుగురితో కూర్చోవడం, అప్పులవాడి మాట మర్చిపోవడం. ఏదో ఒకటి ఇస్తూనే ఉంటుంది. ఆ తర్వాత ఏం పోగొట్టిందో అడగండి. రెండూ ఆయన మాటల్లోనే రాసుకోండి.

మానాలన్న పట్టుదల పదికి ఎంత అని అడిగితే "నాలుగు" అంటాడనుకోండి. పది ఎందుకు కాదని అడగకండి, "ఒకటి ఎందుకు కాలేదు?" అనండి. "పాప పది పరీక్షలు సార్" అనో, "పోయినేడు మాలలో బాగుండాను గదా" అనో ఆయనే కారణాలు చెప్పడం మొదలుపెడతాడు. పూర్తిగా మానను, తగ్గిస్తానంటే కొట్టిపారేయకండి. లివర్ పాడైనవాళ్లకు, ఆపినప్పుడు ఫిట్స్ వచ్చినవాళ్లకు తగ్గించడం ఎందుకు చాలదో వైద్యుడితో చెప్పించండి. మిగతావాళ్లతో ఆయన చెప్పిన చోటు నుంచే బేరం మొదలుపెట్టవచ్చు. నాకు మానే ఉద్దేశమే లేదన్న మనిషి కూడా మళ్లీ రావడానికి ఒప్పుకుంటే ఆ రోజుకు పని జరిగినట్టే.

రాసుకోవడం, పంపడం

కేస్ షీటులో "తాగుబోతు", "అబద్ధాలకోరు", "మొండి" అన్న మాటలు రాయకండి. "రోజుకు రెండు క్వార్టర్లు, మూడేళ్లుగా, ఆపితే ఎనిమిది గంటల్లో వణుకు, 2020లో ఒకసారి ఫిట్స్, గత మాలలో 41 రోజులు తాగలేదు, ఆత్మహత్య ఆలోచన లేదు" అని రాస్తే చూసిన డాక్టరుకు అర నిమిషంలో విషయం అర్థమవుతుంది. ఆపినప్పుడు ఇబ్బంది గట్టిగా ఉండేవాళ్లను ఆసుపత్రిలో చేర్చి మాన్పించాలి. మిగతావాళ్లకు బయటి నుంచే వైద్యం, మీ దగ్గర కౌన్సెలింగ్ సరిపోవచ్చు. అది నిర్ణయించేది డాక్టరే.

మానేసిన మూడు నాలుగు వారాలకు మనసు సంగతి మళ్లీ అంచనా వేయండి. తాగే రోజుల్లో కనిపించిన దిగులు, భయం చాలామందిలో అప్పటికి తగ్గుతాయి. తగ్గకపోతే అది విడిగా వైద్యం చేయాల్సిన డిప్రెషన్ కావచ్చు. ఆ తేదీని బట్వాడా రోజునో, వేలం డబ్బు వచ్చే రోజునో పెట్టకండి. ఆయన రాకపోతే ఎవరికి ఫోన్ చేయాలో, ఏమని చెప్పాలో మొదటి రోజే ఆయన్ని అడిగి ఒప్పించి షీటులో రాయండి. మీరు చేసే ఫోన్ పక్కింటివాళ్లు ఎత్తినా "సెంటర్ నుంచి" అనకుండా ఏ పేరుతో మాట్లాడాలో అది కూడా రాసుకోండి.